స్పామ్‌ను ఆపుడు సరే, మన ఉత్తరాన్ని ఆపితే ఎట్ల?

అమరచింతల మగ్గం నేసే ఇంటి పిల్లలు ఇయ్యాల నౌకరీకి దరఖాస్తు పెట్టాలన్నా, గద్వాల చీరల ఫొటోలు పట్నం దుకాణానికి పంపాలన్నా మెయిల్ కావాలె. పంపినంత మాత్రాన అది అవతలోళ్లకు అందినట్టు కాదు. మధ్యల మెయిల్ సర్వర్ ఉంటది. ఏది లోపలికి రావాలె, ఏది బయటనే ఉండాలె అని తేల్చేది అదే. అందుకే స్పామ్‌ను ఎట్ల ఆపాలె అనేది ఇంజినీర్ల ముచ్చట మాత్రమే కాదు, మనది గుడ.

ఈ పీడ కొత్తది కాదు. 1978 మే 3న అమెరికాల డెక్ అనే కంప్యూటర్ కంపెనీల పనిచేసే గేరీ థ్యూర్క్, అర్పానెట్ మీద సుమారు 400 మందికి ఒక్కపాలే ప్రకటన పంపిండు. 2004ల బిల్ గేట్స్ రెండేండ్లల్ల స్పామ్ సంగతి తేలిపోతదన్నడు. తేలలే. ఆపేటందుకు నాలుగు పద్ధతులు ముందుకొచ్చినయి. దేని మంచి దానికున్నది, దేని చెడు దానికున్నది.

మొదటిది నల్లజాబితా. స్పామ్ పంపే సర్వర్ల ఐపీ అడ్రసులు రాసిపెట్టి, ఆడికెళ్లి వచ్చే మెయిల్‌ను తీసుకోకపోవుడు. 1997ల పాల్ విక్సీ ఈ దారి తెరిచిండు, 1998ల స్పామ్‌హాస్ మొదలైంది. ఖర్చు తక్కువ, పని జల్ది అయితది. కాని చిన్నోళ్లు తక్కువ పైసలకు ఒకే సర్వర్‌ను పది మంది కలిసి వాడుకుంటరు. అండ్ల ఒక్కడు దొంగైతే మిగిలిన తొమ్మిది మంది మీద గుడ ముద్ర పడతది.

రెండోది గ్రేలిస్టింగ్. 2003ల వచ్చింది. తెలువని సర్వర్ మెయిల్ తెస్తే, "ఇప్పుడు కాదు, కొంచెం సేపాగి రా" అంటది. అసలు సర్వర్ మళ్లొస్తది, స్పామ్ యంత్రం చాలాసార్లు తిరిగి రాదు. కాని ఓటీపీ కోసం చూసేటోనికి ఆ ఆలస్యమే నష్టం.

మూడోది లోపలి రాత చూసి లెక్కగట్టుడు. 2002ల పాల్ గ్రాహం రాసిన వ్యాసంతోటి దీనికి బాగ పేరొచ్చింది. ఏ మాట స్పామ్‌ల ఎంత కనబడతది, మంచి ఉత్తరంల ఎంత కనబడతది అని లెక్క తీస్తది. ఏ ఉత్తరాలు చూపించి నేర్పితే అదే నేర్చుకుంటది. ఇంగ్లిష్ ఉత్తరాలే చూపిస్తే తెలుగు ఉత్తరాన్ని ఎట్ల గుర్తుపడతది?

నాలుగోది పంపినోని గుర్తింపు చూసుడు. నా డొమైన్ పేరు మీద ఫలానా సర్వర్లే మెయిల్ పంపాలె అని చెప్పేది ఎస్‌పీఎఫ్. ఉత్తరానికి సీలు వేసేది డీకిమ్. ఈ రెండిట్ల ఏదీ సరిపోకపోతే ఏం చెయ్యాలెనో చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ గుడ దీన్ని గట్టిగ పట్టుకున్నయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 మెయిళ్లు పంపేటోళ్లకు ఈ మూడూ ఉండాలె, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం కన్న తక్కువుండాలె. అయితే గుర్తింపు ఉన్నోడల్లా మంచోడు కాదు. దొంగ గుడ సొంత డొమైన్ కొని సీలు వేసుకుంటడు. కాకపోతే వేరేటోని పేరు పెట్టుకొని వచ్చుడు కష్టమైతది.

నా మాట ఏందంటే, ముందు గుర్తింపు చూడాలె, ఆ తర్వాత జాబితా, రాత. ఒక్కదాన్నే నమ్మొద్దు. అన్నిటికన్న పెద్ద అన్యాయం, ఎవరికీ చెప్పకుండ మెయిల్‌ను మాయం చేసుడు. వద్దనుకుంటే దర్వాజ కాడనే కారణం చెప్పి వాపస్ పంపాలె. అప్పుడు పంపినోనికి తెలుస్తది, ఇంకో దారి చూసుకుంటడు. అనుమానం ఉంటే స్పామ్ డబ్బల వెయ్యాలె. ఇంటర్వ్యూ పిలుపు మాయమైతే కంపెనీకి ఏం పోదు, పోయేది మన పిల్లల బతుకే.

చట్టం సంగతి చూస్తే, ఫోన్ ప్రకటనల మీద ట్రాయ్ 2018ల నిబంధనలు తెచ్చింది, 1909కు ఫిర్యాదు చెయ్యొచ్చు. మెయిల్‌కు అసువంటి ప్రత్యేక కట్టడి లేదు. ఐటీ చట్టంల 66ఏ కింద విసిగించే మెయిళ్ల ముచ్చట ఉండె. ఆ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. మాట్లాడే హక్కును తొక్కే సెక్షన్ పోవుడు మంచిదే. కాని దాని జాగల స్పామ్ కోసమే ఒక సక్కటి నిబంధన రావాల్సి ఉండె, రాలే.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, మన చేతుల ఉన్న పని మనం చేద్దాం. వారానికోపాలి స్పామ్ డబ్బ తెరిచి చూడుండ్రి, జీమెయిల్‌ల 30 రోజులకు అండ్లవి వాటంతటవే పోతయి. మంచి ఉత్తరం దొరికితే "స్పామ్ కాదు" అని నొక్కుండ్రి. సంఘానికో దుకాణానికో సొంత డొమైన్ ఉంటే, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టినవా అని సైట్ చేసినోన్ని గట్టిగ అడుగుండ్రి. పైసలకు మెయిల్ అడ్రసుల జాబితా అమ్మేటోని దిక్కు పోవద్దు. దొంగ మెయిల్ నమ్మి ఎవరన్న పైసలు పోగొట్టుకుంటే సిగ్గుపడకుండ ఎంటనే 1930కి ఫోన్ కొట్టుండ్రి.