మా అత్త కాలికి అరవై మూడేళ్ళకి దొరికిన కాగితం

ఒకటో తారీఖు వస్తే మా మేనత్త తెల్లారకుండానే తల దువ్వుకుని వీధి అరుగు మీద కూర్చుంటుంది. పింఛను పట్టుకొచ్చే సచివాలయం వాళ్ళ కోసం. వేలిముద్ర వేసి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని బొడ్లో దోపుకుంటుంది. ఆ కాగితం తెచ్చుకోవడానికి మాకు ఎన్నేళ్ళు పట్టిందో చెప్పాలనిపించింది.

అత్త 1958లో పుట్టింది, కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు మాది. రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి తగ్గింది, కుడికాలు మాత్రం చచ్చుబడిపోయింది. పోలియోకి టీకా 1955లోనే అమెరికాలో వచ్చిందిట. మా ఊరిదాకా ఎవరు తెస్తారు? పెళ్ళి కాలేదు. నాన్న దగ్గరే ఉండిపోయింది. వంట, దూడలు, మా అందరి పురుళ్ళు, పిల్లల లాలలు అన్నీ ఆవిడ చేతి మీదే.

1995 డిసెంబరులో దేశమంతా పల్స్ పోలియో మొదలైంది. నేను పురిటికొచ్చి పుట్టింట్లోనే ఉన్నాను. మా పెద్దాడు నెలల పిల్లాడు. వాణ్ణి భుజాన వేసుకుని, ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుంటూ బడి దాకా నడిచి చుక్కలు వేయించుకొచ్చింది అత్తే. "వీడికి నాలా అవకూడదే అమ్మాయ్" అంది. సరిగ్గా ఆ నెలలోనే పార్లమెంటు వికలాంగుల చట్టం కూడా చేసింది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు డాక్టర్లు రాసిస్తే ప్రభుత్వ సాయానికి అర్హులు. ఒకటి రాబోయే పిల్లల కోసం, రెండోది అప్పటికే దెబ్బతిన్నవాళ్ళ కోసం. మొదటి దాని గురించి ఊరంతా మైకులో చెప్పారు. రెండోది మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

తెలిశాక కూడా నాన్న ఒప్పుకోలేదు. "మా చెల్లెలికి తిండి పెట్టలేనా? పింఛను లైన్లో నిలబెడతానా?" అనేవారు. అది ప్రేమే, కాదనను. కానీ అత్తని మాత్రం ఎవరూ అడగలేదు. చేతితో రాసిచ్చే సర్టిఫికెట్ల బదులు కంప్యూటర్లో శాతం లెక్కకట్టే సదరం శిబిరాలు 2010 ప్రాంతంలో వచ్చాయి. అప్పుడూ వెళ్ళలేదు.

నాన్న పోయాక, సంవత్సరీకం అయిన మర్నాడు, అత్తే నెమ్మదిగా అడిగింది. "అమ్మాయ్, ఆ కుంటివాళ్ళ పింఛను నాకూ ఇస్తారంటావా? తమ్ముడి కోడలి చేతికేసి చూడలేకపోతున్నానే." నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

అది 2021. 2019 అక్టోబరు 2న మన తూర్పుగోదావరి కరపలోనే గ్రామ సచివాలయాలు ప్రారంభించారు కదా, మా ఊళ్ళోనూ ఒకటి ఉంది. ఆధార్, ఫొటో ఇచ్చి సదరం స్లాట్ పెట్టించాను. రెండు వారాల తరవాత పిలుపొచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో పొద్దున్న ఎనిమిదికి వెళ్తే మధ్యాహ్నం మూడయింది. బల్లలు చాలక గోడవారన కూర్చున్నాం.

"పాత కాగితాలేమన్నా ఉన్నాయా?" అని అడిగారు. ఏవుంటాయి? ఆవిడ చీర కొంచెం పైకి లాగి కాలు చూపించింది. పరాయి మగవాడికి ఆ కాలు చూపించడం అదే మొదటిసారి. డాక్టరుగారు టేపుతో రెండు కాళ్ళూ కొలిచారు, తన్నమన్నారు, నడవమన్నారు.

అరవై శాతం వచ్చింది. ఆటోలో అడిగింది: "అయితే మిగతా నలభై బాగున్నట్టేనా?" ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నలభైతోనే కదా మా ఇల్లంతా నడిపింది!

మొదట మూడు వేలు వచ్చేది. 2024 జూలై నుంచి ఆరు వేలు. మొదటి నెల డబ్బుతో తన మందులు తనే కొనుక్కుంది, మిగిలిన దాంట్లో నాకో జాకెట్టు ముక్క పెట్టింది. వద్దంటే కోపం వచ్చింది.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో, హౌరాలో. ఆ జబ్బు పోయింది. అది పాడుచేసిన కాళ్ళు మాత్రం ఇంకా మన వంటిళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. మీ ఇంట్లో అలా ఒక మూల సర్దుకుపోయిన అత్తో, పిన్నో, పెద్దమ్మో ఉంటే, "మేం చూసుకుంటున్నాంగా" అని ఆగిపోకండి. సర్టిఫికెట్ కావాలా అని ఒకసారి ఆవిణ్ణే అడగండి. మేం అడగడానికి ఇరవై ఆరేళ్ళు ఆలస్యం చేశాం.