కోనసముద్రపు ఉక్కును, మా తొలికత్తియు

తెలుగువారి వంటయింట కత్తి లేని యిల్లు లేదు. తెల్లవారినది మొదలు దీపము పెట్టువఱకు దానితో పని పడని పూటయు లేదు. అయినను ఆ యలుగును చేసినవాడెవడో, దానికి వాదర యెట్లు వచ్చినదో, ఒక కత్తి ఏండ్ల తరబడి తెగుచుండగా మఱియొకటి నెల తిరుగకమునుపే మొద్దువాఱుట యేలనో మనము విచారింపము. పుస్తకమునకు కర్త యెవరని యడుగుదుము. గుడి చూచి కట్టించిన రాజెవరని యడుగుదుము. కత్తికి మాత్రము కర్త యున్నాడని తలపనైనను తలపము. ఈ యుపేక్ష చిన్న తప్పిదము గాదనియు, దానివలన మన దేశము ఒక గొప్ప విద్యను కోలుపోవుటకు దారి యేర్పడెననియు మా యభిప్రాయము. అది మాకు మొదట గ్రంథములవలన గాక ఒక పగిలిన కత్తివలన కలిగినది.

ఒకసారి బంధువుల పల్లెకు పోయినప్పుడు అక్కడి కమ్మరి కొలిమికడ నిలిచి, ఒక కత్తిని స్వహస్తములతో చేయవలెనని కోరితిమి. ఆయన నవ్వి, "చెయ్యండి బాబూ, కాలేది మీ చేతులేగా" అని యంగీకరించెను. లారీ కమానునుండి ఊడదీసిన పాత పట్టీ ముక్క నొకదానిని మా కిచ్చెను. ఆయన భార్య గాలిచక్రము త్రిప్పుచుండ, మేము ఆ ముక్కను బొగ్గులలో కాల్చి, పట్టుకారుతో దాగలిమీదికి తెచ్చి, సుత్తితో మోదసాగితిమి. చూచునప్పుడు సులభముగా దోచిన పని, చేయునప్పుడు మఱొక విధముగా నుండెను. నాలుగు దెబ్బలు పడునప్పటికి ఇనుము నల్లబడును, మఱల కాల్పవలెను. ఒక ప్రక్క పలుచనైనచో మఱొక ప్రక్కకు వంగును. మధ్యాహ్నమునకు ఎట్లో కత్తివంటి రూపము కుదిరినది. ఆకురాయితో రాచి వాదర తీసితిమి. ఇక గట్టిపడుటకై కడసారి కాల్చి నీట ముంచుట మిగిలినది. ఎంత యెక్కువ కాలిన అంత గట్టిపడునని మా తలంపు. తెల్లగా మెఱయువఱకు ఉంచి, తొట్టిలోని నీటిలో ముంచితిమి. చుయ్యను మ్రోతతోపాటు సన్నని చప్పు డొకటి వినబడెను. పైకి తీసి చూడగా వాదరనుండి వెన్నువఱకు వెంట్రుకవంటి చీలిక!

"ఎరుపు దాటిపోయింది బాబూ. ఇంక అది కత్తి కాదు" అని కమ్మరి చెప్పెను. గాలిచక్రము చెంతనున్న యామె, "నాకు తెలుస్తూనే ఉంది. ఆపమంటారేమో అని చూశా, మీరు అనలేదు" అనెను. మేము సిగ్గుపడితిమి. ఏ రంగుకడ నిలుపవలెనో ఆమెకు తెలియును; పుస్తకములు చదివిన మాకు తెలియదు. అంతకంటె సిగ్గుపడవలసిన దేమనగా, ఆమె నడుగవలెనని మాకు తోచనైనను లేదు.

పగులుటకు కారణ మిది. ఇనుమునందు బొగ్గుపాలు చేరినప్పుడే అది ఉక్కగును. బొగ్గు బొత్తిగా లేని మెత్తని యినుము నీట ముంచినను గట్టిపడదు. నూటికి రెండు పాళ్ళు మించినచో పోతయినుమై సుత్తిదెబ్బకు విఱుగును. నడుమనున్న కొద్దిపాటి చోటు ఉక్కుది; కమాను పట్టీలో నూటికి అరపాలు, లేక అంతకు కొంచెము మించి యుండును. అట్టి యుక్కును తగినంత కాల్చి చప్పున చల్లార్చినచో లోపలి బొగ్గు కదలుటకు వ్యవధి లేక యినుములో చిక్కుకొనును. ఆ చిక్కే కాఠిన్యము. కాని వేడి హద్దు మీఱినచో లోపలి రేణువులు పెద్దవై పట్టు తప్పును. ఆ స్థితిలో చన్నీటి తాకుడు పడగానే ఉక్కు చీలును. మేము చేసినది సరిగా నిదియే.

మఱి యీ హద్దు నెఱిగిన వారు మన నేలమీద ఎంతకాలమునుండి యున్నారు? తెలంగాణమున నిజామాబాదు జిల్లాలో కోనసముద్ర మను గ్రామము కలదు. పందొమ్మిదవ శతాబ్ది తొలిభాగమున అక్కడి కొలుములలో తయారైన యుక్కుముద్దలకై పారసీక వర్తకులు సముద్రము దాటి వచ్చెడివారు. లాంబ్టను దొర నడపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడును భూగర్భశాస్త్రజ్ఞుడును నగు హెన్రీ వాయిసీ ఆ పనిని కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆయన 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారి పత్రికలో వెలువడెను.

ఆ విధాన మిట్టిది. వేర్వేఱు చోట్ల తీసిన రెండు రకముల యినుమును లెక్కప్రకారము తూచి, మంటకు కరగని మట్టితో చేసిన మూసలో నుంచెదరు. మూతి మూసి మట్టి మెత్తి, మూసలను కొలిమిలో పేర్చి, ఒక దినమంతయు తిత్తు లూదుదురు. పిమ్మట మెల్లగా చల్లాఱనిత్తురు. మూస పగులగొట్టగా నడుమ ముద్దగా నుక్కు లభించును. దానిని మఱల పలుమాఱులు కాల్చి పదునుకు తెత్తురు. దక్షిణదేశమున ఇతర ప్రాంతములలో మూసలో ఇనుముతోపాటు తంగేటికఱ్ఱ ముక్కలను, జిల్లేటియాకులను వేయు వాడుకయు నుండెను. అవి మాడి బొగ్గై ఆ బొగ్గు ఇనుములోనికి చొచ్చును. కోనసముద్రమున ఇనుమును తూచునప్పుడు ఇస్ఫహానునుండి వచ్చిన యొక వర్తకుడు దగ్గఱ నుండి పరిశీలించుచుండెనని వాయిసీ వ్రాసెను. ఈ పద్ధతి తమవారికి తెలియుననియు, తమ దేశమున అనుకరింప జూచి విఫలులైరనియు ఆ వర్తకుడే చెప్పెనట. విధానము తెలిసియు పని కుదురకపోవుటను చదువరులు గమనింతురు గాక.

ఆ ముద్దలే పారసీకదేశమున ఖడ్గములయ్యెను. వాని యలుగులపై నీటియలలవంటి చాఱలు మెఱయుచుండెడివి. ఐరోపావారు అట్టివానిని డమాస్కసు కత్తులని పిలిచిరి. ఉక్కుముద్దకు వారిడిన పేరు వూట్జు. అది మన యుక్కు శబ్దమునకే వికృతియని పలువురు పండితుల మతము. 1794లో బొంబాయినుండి హెలినసు స్కాటు అను వైద్యుడు కొన్ని ముద్దలను లండనులోని రాయల్ సొసైటీ యధ్యక్షునకు పంపెను. 1795లో జార్జి పియర్సను వానిని పరీక్షించి వ్యాసము ప్రకటించెను. అక్కడి కమ్మరులు పలువురు తమ మెత్తని యినుమునకు అలవాటైన తెల్లని వేడిమికి ఈ యుక్కును కాల్చి కొట్టగా అది పొడిపొడియై పోయెను. అందు నూటికి ఒకటిన్నర పాళ్ళవఱకు బొగ్గుండుటచే తక్కువ వేడిలోనే దానిని సాగగొట్టవలెను. మేము పల్లెకొలిమిలో చేసిన పొరపాటే, రెండు వందల యేండ్లకు ముందు ఐరోపా కొలుములలోను జరిగినదన్నమాట!

ఆ తరువాత జరిగినది మఱింత యాలోచింపదగినది. లండనులో జేమ్సు స్టోడార్టు అను కత్తులపనివాడు ఈ యుక్కును మెచ్చి, దాని రహస్యము తెలియగోరి, మైకేల్ ఫారడేతో కలిసి ప్రయోగములు చేసెను. విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషులలో నొకడగు ఆ ఫారడే కమ్మరి కుమారుడు. తాను బాల్యమున పుస్తకములు కుట్టు పని నేర్చినవాడు. 1820లోను, 1822లోను వా రిరువురును ప్రకటించిన పరిశోధనలు, ఉక్కులో అన్యలోహములను కలిపి గుణము మార్చు శాస్త్రమునకు తొలిమెట్లయ్యెను. మన యుక్కునందలి విశేషమునకు వారు చెప్పిన కారణము సరికాదని పిమ్మట తేలినది. అయిన నేమి? సుత్తిపట్టిన చేయియు, లెక్కవ్రాసిన చేయియు ఒక బల్లకడ చేరినవి. అక్కడ పొరపాటుసైతము ముందునకు దారి తీసినది.

ఆ దినములలో మన దేశమున నట్టి బల్ల లేకపోయెను. కోనసముద్రపు కమ్మరికి శాస్త్రము చదివిన తోడు దొరకలేదు; శాస్త్రము చదివినవారు బొగ్గు ముట్టలేదు. ఖడ్గమునకు మాఱు తుపాకి వచ్చెను. 1856లో బెస్సిమరు తన పద్ధతిని ప్రకటించిన పిమ్మట యంత్రశాలల యుక్కు చౌకయై వెల్లువవలె వచ్చెను. బ్రిటిషు పాలితప్రాంతములలో 1878 నాటి ఆయుధచట్టమును తోడయ్యెను. క్రమముగా మూసలు చల్లాఱెను. వృత్తు లెల్లదేశములలోను మాఱును. అందు వింత లేదు. యంత్రపుటుక్కు రాకుండ ఆపుటయు సాధ్యము గాదు, అవసరమును గాదు. కాని విద్య పోవునప్పుడు దానిని వ్రాసియుంచుకొను వారైనను ఉండవలెను. మన వారిలో ఆ పని చేయుటకు పూనినవారు కానరారు. పరదేశపు వైద్యుడు కొన్ని పుటలు వ్రాయకుండినచో ఆ పాటియైనను మిగిలి యుండదు. ఆ మూసలను కూర్చినవారి పేర్లు నేడు మనకు తెలియవు. తిత్తు లూదినవారి మాట చెప్పనేల!

పోయిన విద్యను మఱల పట్టుకొనుటకు ఎంత కష్టమయ్యెనో కూడ చూడుడు. అమెరికాలో అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయమున లోహశాస్త్రాచార్యుడు జాన్ వెర్హోవెన్. ఫ్లోరిడాలో గుఱ్ఱములకు లాడములు కొట్టు వృత్తివాడు ఆల్ఫ్రెడ్ పెండ్రే. వీ రిరువురును ఏండ్లకొలది కలిసి పనిచేసి ఆ నీటియలల చాఱలను మఱల తెప్పింపగలిగిరి. 1998లో ప్రకటించిన వ్యాసమున, ఇనుములో స్వల్పాతిస్వల్పముగా నుండు వెనేడియమువంటి లోహములే ఆ చాఱలకు ఆధారమని వారు చెప్పిరి. అట్టి లోహము సహజముగా గల ఖనిజము తఱిగిపోవగా, పాత పద్ధతిని తప్పక పాటించినను చాఱలు రాకుండె నని వారి యూహ. ఏ గనినుండి తెచ్చిన యినుము మంచిదో కొలిమివారి యనుభవమునకు తెలిసియుండవచ్చును, ఏలనో తెలియదు. ఏలనో చెప్పగల శాస్త్రము పుట్టునప్పటికి, ఏదో చెప్పగల చేయి లేకుండ పోయినది.

మేము మఱుసటి సంవత్సరము ఆ పల్లెకు మఱల పోయితిమి. ఈసారి ఒక చిన్న అయస్కాంతమును వెంట తీసికొనిపోయితిమి. ఇనుము దాదాపు 770 డిగ్రీల వేడికడ అయస్కాంతమునకు లొంగుట మానునని చదివియుంటిమి. కత్తి రూపము కుదిరిన పిమ్మట, కొలిమికి ఎండ తగులకుండ గోనెపట్ట కట్టించి, రంగు చూచి చెప్పుమని ఆమెనే యడిగితిమి. ముదురెఱుపు పోయి చెఱ్ఱీపండు చాయ వచ్చువేళ అయస్కాంతమును తాకించితిమి, అది పట్టలేదు. "ఇంకొక్క క్షణం... ఇప్పుడు" అని ఆమె చక్రము నిలిపెను. గోరువెచ్చని నూనెలో ముంచితిమి. చప్పుడు లేదు, చీలిక లేదు. ఆకురాయి పెట్టి చూడగా గాజుమీద వలె జాఱినది. అంత గట్టిదైనచో పెళుసుతనము మిగులును గనుక, మఱల మంటపై నల్లనల్లన వేడిచేసి, మెఱుగుపెట్టిన భాగము ఎండుగడ్డిరంగు దాల్చగానే తీసితిమి. పిదప నీళ్ళు చల్లుచు సానపట్టి, తుమ్మకఱ్ఱ పిడికి పొన్ను వేసి బిగించితిమి. అలుగు కొంచెము వంకర. పిడి ఒకవైపు లావు. అయినను మా యింటిలో గుమ్మడికాయ తఱుగునప్పుడు ఇప్పుడు దానినే తీయుచున్నారు.

ఇందువలన మేము చెప్పదలచినది స్వల్పము. చదువుకొన్న గృహస్థులు తమ బిడ్డలను, కొడుకులనే గాక కూతుండ్రనుసైతము, సెలవులలో కొన్నాళ్ళు ఒక కొలిమికడనో, మగ్గముకడనో, కుమ్మరిసారెకడనో కూర్చుండబెట్టవలెను. అది వేడుకగా గాక, గురువునకు తగిన దక్షిణతో జరుగవలెను. కమ్మరి బిడ్డకు లోహశాస్త్రము చదువు వసతి కల్పింపవలెను. తండ్రి విద్యను విడిచి గాక, దానిని వెంట తీసికొని చదువునట్లు చేయవలెను. చేతిపనిని తక్కువ జాతివారి పని యని యెంచు దురాచారము పనివానిని మాత్రమే అవమానించుటలేదు. ఆ యవమానమును చేసినవారినే అజ్ఞానులను చేయుచున్నది. మా మొదటి కత్తి అందుకు సాక్ష్యము.

ఆ పగిలిన కత్తిని మేము పాఱవేయలేదు. పుస్తకముల యఱలో నుంచితిమి. రెండవ కత్తి వంటయింట నున్నది. దానిని చేయించిన దంపతుల పేర్లు రెండును, భార్యపేరు ముందుగా, మా యింటి లెక్కలపుస్తకమున వ్రాసికొంటిమి.