చక్కెర వ్యాధి: ఏ పోషకం రక్తంలో ఏమి చేస్తుంది?

కోయంబత్తూరు జిల్లాలోని పొల్లాచ్చి కొబ్బరికి, బెల్లానికి పేరుపొందిన ప్రాంతం. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల వంటలలోనూ ఈ రెండింటికీ చోటుంది. పంచదారకు బదులు బెల్లం వాడితే మధుమేహానికి హాని లేదని, రాగులు ఎంత తిన్నా ఫరవాలేదని పలువురు భావిస్తారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావు.

పిండిపదార్థాలు: రక్తంలో చక్కెరను అన్నిటికంటే ఎక్కువగా, త్వరగా పెంచేవి ఇవే. అన్నం, ఇడ్లీ, అరటిపండు, బెల్లం అన్నీ చివరకు గ్లూకోజుగా మారుతాయి. బెల్లంలో అధికభాగం చక్కెరే. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు, రాగులలో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కనుక రాగి సంకటిని కూడా మితంగానే తినాలి.

పీచు: ఇది జీర్ణక్రియను నెమ్మదింపజేసి చక్కెర ఒక్కసారిగా పెరగకుండా కాపాడుతుంది. రాగులలో ఇది బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే మెత్తని పిండితో కాచిన పలుచని జావ త్వరగా జీర్ణమవుతుంది.

మాంసకృత్తులు: గుడ్డు, చేపల వలన చక్కెర అంతగా పెరగదు. ఉలవలు, పప్పులలో పిండిపదార్థం ఉన్నా అది నిదానంగా జీర్ణమవుతుంది. అన్నం తగ్గించి వీటిని చేర్చుకోవడం మేలు.

కొవ్వు: కొబ్బరి, నూనెలు చక్కెరను వెంటనే పెంచవు. భోజనం జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలవడం వలన పెరుగుదల ఆలస్యంగా కనిపించవచ్చు. కొవ్వు మితిమీరితే బరువు పెరిగి, ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది.

చక్కెర పడిపోతే: ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారికి చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గి చెమట, వణుకు, తికమక కలగవచ్చు. అప్పుడు 15 గ్రాముల పంచదారను, అంటే సుమారు మూడు చెంచాలు, నీటిలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించి, చక్కెర పెరగకుంటే మరొకసారి ఇవ్వాలి. కొబ్బరి బర్ఫీ వంటివి కొవ్వు వలన ఆలస్యంగా పనిచేస్తాయి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు పరీక్ష చేసుకుంటే ఏ ఆహారం ఎంత చక్కెరను పెంచుతుందో తెలుస్తుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాంసకృత్తులు, కొబ్బరి నీళ్ల విషయంలో వైద్యుని సలహా పొందాలి. మందుల మోతాదును ఎవరూ సొంతంగా మార్చుకోరాదు.