దరువుతో దుముకు ఆట

పలాస రైల్వే స్టేషనులో ఒక సాయంకాలము మా విద్యార్థి యొకడు ఫోనులో ఆట ఆడుచుండెను. తెరపై చిన్న చతురస్ర మొకటి పాటతోపాటు పరుగెత్తుచున్నది. ముల్లు ఎదురైనప్పుడెల్ల తెరను తాకి దానిని ఎగిరింపవలెను. ఒక్కసారి తప్పినచో మరల మొదటికే. వెనుక పిల్లి మొగములు, బ్రహ్మానందంగారి ముఖభంగిమలు, తలా తోకా లేని బొమ్మలు. నేనును నా ఇయర్‌ఫోన్లు తగిలించుకొని ప్రయత్నించి, పదిసార్లు పడితిని.

"ఏటి మాస్టారూ, కంటితో ఆడతన్నారు! చెవితో ఆడాలండి" అని వాడు నవ్వెను.

వాని మాట శాస్త్రసమ్మతమే. ఒక గుర్తును చూచి వ్రేలు కదల్చుటకు మనకు సుమారు 0.2 సెకను పట్టును. నిమిషమునకు 120 దరువులు గల పాటలో దరువుకు దరువుకు నడుమ కాలము 0.5 సెకను మాత్రమే. చూచి, పిమ్మట ఎగురుదమనిన ఎంతసేపు నిలువగలము? దరువు పట్టినవాడు చూచువరకు ఆగడు. క్రమముగా వచ్చు టకటక శబ్దమునకు వ్రేలు తట్టుమన్నచో, పెక్కుమంది శబ్దముకంటె వీసమంత ముందే తట్టుదురని ప్రయోగములలో తేలినది. అనగా మెదడు రాబోవు దరువును ముందుగనే లెక్క కట్టుచున్నది.

ఈ ఒడుపు మన జిల్లాకు క్రొత్త గాదు. రేకు తప్పెటలు రొమ్మున కట్టుకొని, రెండు చేతుల వాయించుచు, గజ్జెకాళ్ళతో గెంతు తప్పెటగుళ్ళవారిని చూడుడు. ప్రక్కవాని కాలు చూచి గెంతినచో ఆట చెడును.

యంత్రమున కీ విద్య నేర్పినవారిలో జపాను సంగీతకారుడు మసాయా మత్సూరా ముఖ్యుడు. 1996లో ఆయన 'పరప్పా ది రాపర్' అను తాళపు ఆటను, 1999లో 'విబ్ రిబ్బన్'ను వెలువరించెను. ఈ రెండవది చిత్రమైనది. తెల్లని గీతపై కుందేలు నడచును. ఆట అంతయు యంత్రపు జ్ఞాపకములో చేరిన పిమ్మట, ఆడువాడు తన పాటల డిస్కును పెట్టవచ్చును. ఆ పాటను బట్టియే గీతలో గుంటలు, మెలికలు పుట్టును! 2012లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల దీనిని సేకరించినది. 2010లో 'బిట్ ట్రిప్ రన్నర్', 2013 ఆగస్టులో స్వీడనుకు చెందిన రాబర్ట్ టొపాలా నిర్మించిన 'జామెట్రీ డ్యాష్' వచ్చినవి. ఈ కడపటి దానిలో ఆడువారే క్రొత్త లెవెళ్ళు కట్టుకొనవచ్చును. వెర్రి బొమ్మలు చొరబడినది ఈ ద్వారముననే.

అట్టి బొమ్మలకు మీమ్ లని పేరు. 1976లో రిచర్డ్ డాకిన్స్ ఈ మాటను కల్పించినది మనిషినుండి మనిషికి అనుకరణచే ప్రాకు భావమును చెప్పుటకు. 2011 ఏప్రిలులో క్రిస్టఫర్ టోరెస్ అను అమెరికను ఇంద్రధనుస్సు తోకగా గల పిల్లిని గీసెను. వేరొకరు దానికి జపాను పాటను జతపరచిరి. అదే 'న్యాన్ క్యాట్'. ప్రాకినకొలది చేసినవాని పేరు జారిపోవును. అత్తిలి కళాశాలలో తెలుగు చెప్పి, 1987లో 'అహ నా పెళ్ళంట'తో పేరు పొందిన బ్రహ్మానందంగారి ముఖమును నేడు తెలుగు రానివారును వాడుచున్నారు. వారిలో ఎందరికి ఆయన పేరు తెలియును? అధ్యాపకుడను గనుక కాబోలు, నాకిది కొంచెము కష్టముగా తోచును.

ఇక నా సంగతి. చెవినే నమ్మి ఆడినను మరల పడితిని. వాడు నా చెవులవైపు చూచి, "వైరు లేనివి తీసీండి" అనెను. బ్లూటూత్ గుండా వచ్చు శబ్దము తరచు 0.1 మొదలు 0.2 సెకను వరకు ఆలస్యమగును. దరువు నా చెవి చేరునప్పటికే ముల్లు ముందుకు వచ్చియుండెను. వాని తీగ ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆరు ముండ్లు దాటితిని. ఏడవదానికడ ఇచ్ఛాపురము వైపు పోవు బండి వచ్చినది.