కప్పునుండి దిగిన వెలుగు

పెంకుటింట పెరిగినవారికి అద్దపు పెంకు తెలియును. చీకటిగా నుండు వంటయింటి కప్పులో ఒకటి రెండు మట్టి పెంకులు తీసి వాని స్థానమున గాజు పెంకు అమర్చెదరు. గోడకు పెట్టిన కిటికీ ఈయలేని వెలుగును ఆ చిన్న పెంకు గది నడుమకు దింపును. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో పాశ్చాత్య దేశముల కర్మాగారములును గ్రంథాలయములును చేసిన పని యిదియే. కాని వారు దానిని ఎకరముల కొలది కప్పుమీద, లెక్క కట్టి చేసిరి.

అప్పటికే విద్యుద్దీపములు వచ్చినవి గదా, కప్పు చీల్చవలసిన అవసరమేమి యని విద్యార్థి అడుగవచ్చును. ఆనాటి కర్బన తంతువు దీపము ఒక వాట్టుకు సుమారు 3 లూమెనుల వెలుగు మాత్రమే ఇచ్చెడిది. సన్నని పనికి 500 లక్సుల వెలుగు కావలెననుకొందము. 100 చదరపు మీటర్ల గదికి 50,000 లూమెనులు కావలెను. వెలుగంతయు నేలపైననే పడినదనుకొన్నను, ఇంచుమించు 17 కిలోవాట్ల విద్యుత్తు ఖర్చగును! మబ్బు పట్టిన పగటి ఆకాశమో, ఆరుబయట 10,000 లక్సులు ఉచితముగా ఇచ్చుచుండును.

ఆ వెలుగును లోనికి తెచ్చుటయే చిక్కు. గోడ కిటికీనుండి వచ్చు వెలుగు దాని ఎత్తుకు రెండు రెండున్నర రెట్ల దూరము పోవుసరికి నీరసించును. అందుచేతనే పాత మిల్లులు పొడవుగా, సన్నగా, అంతస్తుమీద అంతస్తుగా లేచినవి. 1910లో డిట్రాయిట్ వద్ద హైలాండ్ పార్కులో ఫోర్డు కంపెనీ తెరచిన నాలుగంతస్తుల భవనము పొడవు 860 అడుగులకు పైబడినను వెడల్పు 75 అడుగులే. గోడలు కిటికీలతో నిండియుండుటచే జనులు దానిని స్ఫటిక సౌధమని పిలిచిరి.

దీనిని గీసిన ఆల్బర్ట్ కాన్ అంతకు ముందే మరియొక మార్గము పట్టెను. 1906లో బఫెలో నగరమున పియర్స్ మోటారు కంపెనీకి అతడు ఒకే అంతస్తుగా విశాలమైన శాల కట్టించెను. దాని కప్పు రంపపు పండ్లవలె నుండెను. ప్రతి పంటికిని ఒక వైపు ఏటవాలు కప్పు, రెండవ వైపు నిలువుగానో దాదాపు నిలువుగానో నిలిపిన గాజు. ఉత్తర దేశములలో ఇట్టి గాజును ఉత్తర దిక్కునకు త్రిప్పుట వాడుక. అక్కడ మధ్యాహ్న సూర్యుడెల్లప్పుడు దక్షిణమున నుండుటచేత, లోనికి వచ్చునది ఎండ కాదు, ఆకాశపు చల్లని వెలుగు. మెరుగు పెట్టిన లోహముపై ఎండ పడినచో కన్ను చెదరును. తిరుగుచున్న లేతు ముందు కన్ను చెదరినచో వ్రేళ్లకే ప్రమాదము. కనుక ఈ ఏర్పాటు అందము కొరకు పుట్టినది కాదు.

దీనికి లోపములు లేకపోలేదు. రెండు పండ్ల నడుమ పల్లములో మంచు పేరుకొని నీరు కారెడిది. పొగమసి గాజును కప్పివేసెడిది. పగిలిన పలకలు క్రింది కార్మికులపై పడెడివి. ఈ చివరి బాధకు, గాజులో తీగెవలను పొదుగు పద్ధతి మందైనది. దానికి 1892లో అమెరికాలో పేటెంటు పొందిన ఫ్రాంక్ షూమన్, 1913లో ఈజిప్టులోని మాదీ వద్ద సూర్యుని వేడితో నడచు నీటి యంత్రమును నెలకొల్పెను. గాజు, సూర్యుడు అతనిని విడువలేదు కాబోలు!

గ్రంథాలయపు అవసరము వేరు. ఎండ తగిలిన కాగితము పసుపెక్కి పెళుసగును. చదువరి తల నీడ పుటపై పడరాదు. నా దృష్టిలో ఈ సమస్యకు మిక్కిలి చక్కని పరిష్కారము ఫిన్లాండు వాస్తుశిల్పి ఆల్వర్ ఆల్టోది. 1927 పోటీలో గెలిచి, పలుమార్లు నమూనా మార్చి, అతడు వీపురి పట్టణమున కట్టిన గ్రంథాలయము 1935లో తెరువబడెను. దాని కప్పులో 1.8 మీటర్ల వ్యాసము గల గుండ్రని గవాక్షములు 57 కలవు. ఒక్కొక్కటి లోతైన గరాటువంటిది.

ఆ లోతు ఎందుకు? ఉపాధ్యాయులు ఈ లెక్క తరగతిలో చేయించవచ్చును. వీపురి అక్షాంశము సుమారు 60.7 డిగ్రీలు. జూన్ మాసాంతమున సూర్యుడు భూమధ్యరేఖకు 23.4 డిగ్రీలు ఉత్తరమున నుండును. ఆనాటి మధ్యాహ్నము సూర్యుని ఎత్తు 90 − 60.7 + 23.4, అనగా 52.7 డిగ్రీలు. సంవత్సరములో అంతకు మించి ఎత్తుకు సూర్యుడు అచ్చట రాడు. ఆల్టో తన వివరణలో 52 డిగ్రీలని చెప్పెను. ఆ వాలున వచ్చు కిరణము గరాటు లోపలి తెల్లని గోడకు తగిలి చెదరునంత లోతు ఉంచిన చాలును. నేరుగా ఎండ నేలకు చేరదు. 57 చోట్లనుండి చెదరిన వెలుగు కలిసి దిగుటచేత చదువరి ఎటు తిరిగి కూర్చున్నను పుటపై నల్లని నీడ పడదు. చలికాలపు చీకటి దినములకు, గోడలపై పడి ప్రతిఫలించునట్లు విద్యుద్దీపములను అమర్చెను.

ఈ గరాటును హైదరాబాదునకు తెచ్చి పెట్టినచో పనికిరాదు. ఇచ్చటి అక్షాంశము 17.4 డిగ్రీలు. మే రెండవ వారమున ఒకమారు, ఆగస్టు మొదటి వారమున మరొకమారు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి వచ్చును. ఎండ గరాటులో బావిలో రాయివలె నిట్టనిలువుగా పడును. నడుమ దినములలో సూర్యుడు మనకు ఉత్తరమున నుండును గనుక రంపపు కప్పు గాజులోనికి సైతము ఎండ దూరును. కప్పు గవాక్షమును అక్షాంశము చూడక నకలు చేయరాదు.

తరువాతి కథ త్వరగా నడచెను. 1930 దశకపు ఆరంభముననే అమెరికాలో ఫిచ్‌బర్గ్ వద్ద సైమండ్స్ రంపముల కంపెనీ కిటికీలే లేని ఫ్యాక్టరీ కట్టించెను. 1938లో ఫ్లోరసెంట్ దీపములు అంగడికి వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధమున విమాన దాడులకు వెరచి బ్రిటను ఫ్యాక్టరీలలో కప్పు గాజులకు నల్లరంగు పూసిరి. కార్మికులు పట్టపగలు దీపముల క్రింద పనిచేసిరి.

వీపురి 1944లో సోవియట్ల వశమై వీబోర్గ్ అయ్యెను. గ్రంథాలయము పదేండ్లు పాడుపడి, పిదప ఒకమారు బాగుపడి, తుదకు రష్యా ఫిన్లాండు నిపుణుల దీర్ఘకాల కృషితో 2013లో పూర్వరూపము పొందెను. ఆ 57 గవాక్షములు మరల చదువరుల బల్లలపైకి వెలుగు దింపినవి.