జబ్బు కంటే ముందు రావలసిన వైద్యుడు

పాండ్య దేశపు రాజులు ఏటా వేల గుర్రాలు కొనేవారు. హోర్ముజ్, ధోఫార్, ఏడెన్ రేవుల నుంచి వర్తకులు వాటిని ఓడల మీద తెచ్చి బంగారానికి అమ్ముకునేవారు. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగిలేవి కావని రాశాడు మార్కో పోలో. 13వ శతాబ్దం చివర మన మోటుపల్లి సంగతులు రాసిందీ ఆయనే. అంకె కాస్త పెంచి చెప్పాడేమో గాని, ఆయన చెప్పిన కారణాలు చదివితే కడుపు తరుక్కుపోతుంది. గుర్రాన్ని ఎలా చూసుకోవాలో అక్కడ తెలిసినవాళ్లు లేరు. అన్నంలో మాంసం కలిపి వండి పెట్టేవారు. గుర్రపు వైద్యులను వర్తకులు తమ వెంట తేరు సరికదా, ఇంకొకరిని వెళ్లనివ్వరు కూడా. గుర్రాలు చస్తేనే వాళ్లకు మళ్లీ బేరం.

గుర్రం వాంతి చేసుకోలేదు. మింగింది పడకపోతే బయటికి వచ్చే దారి లేదు. మేత ఉన్నట్టుండి మారినా కడుపునొప్పితో పొర్లి పొర్లి ప్రాణం వదిలేస్తుంది. అందుకే ఈ జంతువు దగ్గర వైద్యుడి అసలు పని జబ్బు రాకముందే మొదలవుతుంది.

ఈ సంగతి మన దేశంలో ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం చూడండి. గుర్రం నిలబడే చోట నున్నటి చెక్కలు పరవాలి. మేతకు వేరే తొట్టి ఉండాలి. మూత్రం, లద్ది బయటికి పోయే దారి ఉండాలి. ఈనిన గుర్రానికి మూడు రోజులు నెయ్యి పట్టాలి. ఋతువు మారితే మేత మార్చే బాధ్యత వైద్యుడిది. అతని అజాగ్రత్త వల్ల జబ్బు ముదిరితే వైద్యానికైన ఖర్చుకు రెండింతలు జరిమానా, గుర్రమే పోతే దాని వెల మొత్తం కట్టాలి. ఇంత కచ్చితమైన కట్టడి చదివినప్పుడల్లా ఆ గుర్రాల మీద నాకు అసూయ పుడుతుంది.

అశ్వవైద్యానికి మూలపురుషుడిగా చెప్పే శాలిహోత్రుడి పేరు మీదే ఉత్తరాదిలో గుర్రపు వైద్యుణ్ణి సలోత్రి అన్నారు. తెలుగులో మనుమంచి భట్టు గుర్రపు శాస్త్రాన్ని పద్యాల్లో పెట్టాడు. పద్యమైతే నోట నిలుస్తుంది. గుర్రపుశాలలో తాటాకులు విప్పే తీరిక ఎవరికుంటుంది?

ఐరోపాలో పశువైద్యానికంటూ బడి 1762లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో వెలిసింది. పెట్టిన క్లోద్ బూర్జెలా అంతకుముందు గుర్రపు స్వారీ నేర్పేవాడు.

కంటికి కనపడని శత్రువు మాత్రం మన ఉపఖండంలోనే దొరికింది. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాలు, ఒంటెలు సర్రా అనే జబ్బుతో చిక్కి శల్యమై చనిపోతున్నాయి. సైనిక పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ వాటి నెత్తురు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. నెత్తురు కణాల మధ్య సన్నటి పురుగుల్లాంటివి మెలికలు తిరుగుతున్నాయి. జబ్బుకు కారణం అవేనంటే పెద్దలు ఒప్పుకోలేదు. ఆ నెత్తురు ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న జంతువుకూ జబ్బు వస్తుందని ఆయన చూపించాడు. తర్వాత ఆ పరాన్నజీవికి ఆయన పేరే పెట్టారు. దాన్ని మోసుకొచ్చేవి జోరీగలని తెలిశాక, ఈగలను తోలడమూ వైద్యంలో భాగమైంది.

ఇప్పుడు గుర్రానికి ఏడాది పొడవునా ఒక లెక్క ఉంటుంది. ధనుర్వాతం రాకుండా టీకా వేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు సరిచేస్తారు. గుర్రం పళ్లు ఏటా రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తూనే ఉంటాయి. పక్కలు పదునెక్కి చెంపను కోసేస్తే మేత నమలలేదు. వైద్యుడు నోరు తెరిపించి, పొడుగాటి ఆకురాయితో ఆ అంచులు రుద్దుతాడు.

నట్టల మందు ఒకప్పుడు క్యాలెండరు చూసి అన్నిటికీ పోసేవారు. నట్టలు మందుకు అలవాటు పడిపోయాయి. అందుకే ఇప్పుడు పొద్దున్నే వేడివేడి లద్ది కాస్త డబ్బాలో పట్టి ఉంచుతారు. వైద్యుడు దాన్ని ఉప్పు నీళ్లలో కలిపి వడకట్టి, పైకి తేలిన గుడ్లను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా లెక్కపెడతాడు. గుడ్లు ఎక్కువున్న గుర్రానికి మందు పోస్తాడు. పక్కనున్నదాన్ని వదిలేసి, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ రాసుకుంటాడు.