అతుకుల బొంత



సంకీర్ణ ప్రభుత్వం వచ్చినప్పుడల్లా మన పత్రికలు వాడే మాట ఒకటుంది: ‘అతుకుల బొంత’. ‘గంతకు తగ్గ బొంత’ అని వెక్కిరించే సామెత ఎలాగూ ఉంది. తెలుగు పాఠం చెప్పేటప్పుడు ఈ మాటలు వస్తే నేను ఆగిపోతాను. ఇందులో నవ్వుతున్నది ఎవరు? చలికాలం రాత్రి బొంత కప్పుకున్నవాళ్ళకు ఆ మాటలో నవ్వొచ్చేది ఏముంది? అమ్మ పాత చీరలు, నాన్న చిరిగిన పంచె పొరలుగా పరిచి, దబ్బనంతో కుట్టిన గుడ్డ అది. ఒక ఇంటి చరిత్ర అది.

ఈసారి బొంతల గురించే రాస్తున్నాను. అయితే అమెరికా బొంతల గురించి. అంత దూరం ఎందుకంటారా? 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. వాళ్ళ బతుకును మన బతుకు పక్కన పెట్టి చదవడం ఆయన నేర్పిన పనే.

అలబామా రాష్ట్రం విల్‌కాక్స్ కౌంటీలో జీస్ బెండ్ అనే ఊరుంది. మూడు వైపులా నది. ఒకప్పుడు పత్తి తోట. యజమాని పేరు పెట్‌వే. బానిసలకు అతని ఇంటిపేరే అంటుకుంది. బానిసత్వం పోయినా ఆ పేరు పోలేదు, ఇప్పటికీ ఆ ఊళ్ళో చాలామంది పెట్‌వేలే. బానిసత్వం తర్వాత కౌలు, కౌలు వెంట అప్పు. 1932లో అప్పిచ్చిన వ్యాపారి చనిపోతే, అతని భార్య మనుషుల్ని పంపి బాకీ కింద పశువుల్ని, పనిముట్లను, తిండిగింజల్ని సైతం తోలించుకుపోయింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం ఆ భూమిని కొని, 1940లలో అక్కడి కుటుంబాలకే వాయిదాల మీద అమ్మింది. ఈ భూమి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ ఇళ్ళలో చలి ఆపింది బొంతలే. పొలంలో అరిగిన ప్యాంట్లు, పిండి సంచులు, చొక్కాల వెనుక భాగాలు, ఏదీ పారేయలేదు. పై పొరను ఎవరింట్లో వాళ్ళు తమకు తోచిన తీరులో అతికేవారు. దూది మధ్యలో పెట్టి పొరల్ని కలిపి కుట్టేటప్పుడు మాత్రం చట్రం చుట్టూ నలుగురు కూర్చునేవారు. పాటలు, ప్రార్థనలు, ఊరి సంగతులు అక్కడే. 1942లో మిస్సోరి పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోయాక అతని పనిబట్టలతోనే బొంత కుట్టుకుంది. అతన్ని తలుచుకుంటూ అది కప్పుకోవడానికి. ఎలిజీ అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను ఇప్పుడు ఈ బొంత గురించే చెబుతున్నాను.

1960లలో ఓటు పోరాటం వచ్చింది. విల్‌కాక్స్ కౌంటీలో నల్లవాళ్ళే ఎక్కువ. కానీ 1965 మొదట్లో ఓటరు జాబితాలో ఒక్క నల్ల మనిషి లేరు. నమోదు చేసుకోవాలంటే నది దాటి క్యామ్డెన్ వెళ్ళాలి. 1962లోనే పడవ ఆపేశారు. ఎదురుగా కనిపించే ఊరికి రోడ్డు మీద 60 కిలోమీటర్లకు పైగా తిరిగి పోవాలి. అయినా వెళ్ళారు. బొంతలు కుట్టే ఈ ఆడవాళ్ళు గుంపుగా వెళ్ళిన ప్రయాణాలు ఇవే. కొందరు జైలు కూడా చూశారు.

జీస్ బెండ్ వాళ్ళకు సొంత భూమి ఉంది, ఎవరూ వెళ్ళగొట్టలేరు. చుట్టుపక్కల కౌలుదార్లకు అది లేదు. ఓటు నమోదు చేసుకున్నందుకు వాళ్ళ ఇళ్ళు ఖాళీ చేయించారు. ఓటు హక్కు చట్టం కాగితం మీద ఉంది, కాళ్ళ కింద నేల లేదు. మన పల్లెల్లో ఈ మాట ఎవరికి విడమరిచి చెప్పాలి?

1966 మార్చిలో ఆ స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఫ్రాన్సిస్ వాల్టర్ అనే తెల్ల మతాచార్యుడు దండెం మీద ఆరేసిన బొంతలు చూసి, ఒక్కొక్కటి 10 డాలర్లకు కొని న్యూయార్క్‌లో వేలం వేయించాడు. అమ్మకం దారి అతను చూపాడు. సంఘాన్ని నడిపింది మాత్రం ఎస్టెల్ విదర్‌స్పూన్ లాంటి ఊరి స్త్రీలే. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే పని దొరికింది. మిగిలిన కార్డురాయ్ పీలికలు మళ్ళీ బొంతలయ్యాయి.

వీటన్నిటికంటే నాకు పెద్దగా కనిపించే విషయం ఒకటుంది. సంఘం 23 ఎకరాలు కొంది. అందులో కుట్టుపని కేంద్రం కట్టింది. ఎనిమిది ఇంటి స్థలాలు ఓటు కోసం ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలకు అమ్మింది. సూదితో నేల సంపాదించారు.

2002లో ఈ ఊరి బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. విమర్శకులు మతీస్, క్లీ చిత్రాలతో పోల్చారు. 2006లో తపాలా బిళ్ళలు వచ్చాయి. ఆగిన పడవ కూడా ఆ ఏడాదే మళ్ళీ తిరిగింది, 44 ఏళ్ళకు. మరుసటి ఏడాది కొందరు స్త్రీలు తమకు రావలసిన వాటా కోసం కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. పొగడ్త రావడం వేరు, వాటా రావడం వేరు. డప్పును వేదికెక్కించి డప్పు కొట్టేవాణ్ణి కింద నిలబెట్టిన సభలు చూసిన మనకు ఇది కొత్త కాదు.

అయితే ఒక్క తేడా చూడండి. అక్కడ ప్రతి బొంత కింద కుట్టినామె పేరుంది, పుట్టిన సంవత్సరం ఉంది, ఏ బట్టతో కుట్టిందో ఉంది. మన బొంతలకు ఏవీ ఆ వివరాలు? మన పరిశోధకులు, నాతో సహా, అచ్చయిన పుస్తకం ఉంటేనే చరిత్ర ఉందనుకున్నాం.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అటక మీది బొంత దించండి. ఎవరు కుట్టారు, ఎవరి చీర, ఏ సంవత్సరం కరువు, అమ్మనో అమ్మమ్మనో అడిగి రాసుకోండి. ఫోటో తీసి, పేరుతో పెట్టండి. అడగడానికి మనిషి ఉండగానే అడగండి.

జై భీమ్.